బొగ్గు వాయువు నుండి ద్రవ ఇంధనము

సర్కారు తుమ్మ బొగ్గుతో కుంపటి రాజేసినప్పుడు నిప్పులపై సన్నని నీలిమంట ఆడుచుండును. మార్కాపురం, గిద్దలూరు విద్యార్థులకు ఇది క్రొత్త దృశ్యము కాదు. ఆ మంట కార్బన్ మోనాక్సైడుది. రంగు, వాసన లేని ఈ వాయువు మూసిన గదిలో ప్రాణాంతకము. కాని మండును గనుక ఇంధనము కూడ. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పెట్రోలు కరవైనపుడు మద్రాసు రాజధానిలో బస్సులు వెనుక బొగ్గు కొలిమి తగిలించుకొని ఈ వాయువుతోనే నడచినవి. ఎత్తు ఎక్కునపుడు ప్రయాణికులు దిగి తోయవలసి వచ్చెడిదని పెద్దలు చెప్పుదురు!

వాయువును మోసుకొని తిరుగుట కష్టము. దానిని ద్రవముగా మార్చలేమా? మార్చవచ్చునని 1925 ప్రాంతమున జర్మనీలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజనుల మిశ్రమమును వేడి ఇనుము లేక కోబాల్టు మీదుగా పంపినచో, ఆక్సిజను చాలవరకు నీరుగా విడిపోయి, కార్బన్ పరమాణువులు గొలుసులుగా అల్లుకొనును. గొలుసు పొడవును బట్టియే గుణము. నాలుగు కార్బనుల వరకు వాయువు, పది, పండ్రెండు వరకు పెట్రోలు, సుమారు ఇరవై వరకు డీజిలు, ఆపైన మైనము.

గంధకము ఉత్ప్రేరకమును చెరచును. కావున దానిని ముందే తొలగింతురు. ఇంధనములో గంధకము దాదాపు ఉండదు. గొలుసులు తిన్ననివగుటచే ఈ డీజిలు ఇంజనులో చప్పున అంటుకొనును. దీని సీటేను సంఖ్య 70 దాటును. మన బంకులలోని డీజిలునకు ఉండవలసిన కనీస సంఖ్య 51. చిత్రమేమనగా, డీజిలునకు సుగుణమైన ఈ తొందరయే పెట్రోలునకు దోషము. నిప్పురవ్వ పుట్టించిన మంట చేరకమునుపే మిశ్రమము తనంత తానే అంటుకొని ఇంజను టకటక కొట్టుకొనును. తిన్నని గొలుసులకు కొమ్మలు తొడిగినగాని అది పనికిరాదు. చలికి పేరుకొనుట మరియొక లోపము.

అదే మిశ్రమమును రాగి ఉత్ప్రేరకముపై నడిపిన మిథనోలు లభించును. బూడిద అధికముగా గల మన దేశపు బొగ్గునుండి రోజునకు 250 కిలోల మిథనోలు తీయు ప్రయోగ కర్మాగారమును హైదరాబాదులోని బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ నిర్మించగా, 2022 జనవరిలో దానిని జాతికి అంకితము చేసిరి. పరిమాణము చిన్నదే, కాని బూడిద బొగ్గుతో సాధించుటయే విశేషము. మిథనోలు బరువులో సగము ఆక్సిజను. అందువలన కిలో పెట్రోలు ఇచ్చు వేడిలో సగముకంటె తక్కువయే ఇచ్చును. పైగా విషము, పగటివేళ దాని మంట కంటికి సరిగా కనబడదు.

అసలు చిక్కు వేరొకటి కలదు. బొగ్గులో హైడ్రోజను తక్కువ. నీటి ఆవిరినుండి దానిని రాబట్టునపుడు బొగ్గులోని కార్బన్‌లో పెద్దపాలు డయాక్సైడై గాలిలో కలియును. సర్కారు తుమ్మ కర్రనుండి కూడ ఈ వాయు మిశ్రమమును తీయవచ్చును. అపుడు చెట్టు గాలినుండి గ్రహించిన కార్బనే తిరిగి గాలికి చేరును. అయితే కర్రనుండి వెలువడు తారు గొట్టములను పూడ్చి, ఉత్ప్రేరకమును కప్పివేయును. దానిని చౌకగా తొలగించు ఉపాయమునకై పరిశోధనలు సాగుచున్నవి.