మొక్కల విషంతో కలుపునకు మందు

పొలంలో చల్లే గడ్డిమందుకు, ఇంటి వైద్యానికి సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో పునర్నవ, ఉత్తరేణి, తుంగముస్తలు దొరికేది పత్తి, మిరప, మొక్కజొన్న చేల గట్లమీదనే. కలుపు తీయుటకు కూలీలు చాలక రైతులు ఆ గట్లమీద కూడా మందు కొడుతున్నారు. వాటిలో పారాక్వాట్ ఒక గుక్క లోపలికి పోయినా ఊపిరితిత్తులను నాశనం చేయగలదు. దానికి విరుగుడు లేదు. కనుకనే మొక్కల సహజ విషాలనుండి గడ్డిమందులు తయారుచేసే ప్రయత్నాన్ని నేను ఆసక్తితో గమనిస్తున్నాను.

మొక్క కదలలేదు, పోటీదారును విషంతోనే నిలువరిస్తుంది. జొన్న వేళ్ల నూగునుండి సోర్గోలియోన్ అనే జిడ్డు పదార్థం స్రవించి, లేత కలుపు మొలకలు ఎండవెలుగుతో ఆహారం తయారుచేసుకొనే పనిని అడ్డుకుంటుంది. వయ్యారిభామలోని పార్థెనిన్ కూడా ఇతర మొలకలను అణచివేస్తుంది. మన చర్మానికి దురద, దద్దుర్లు తెచ్చేదీ అదే.

అన్నిటికంటె చిత్రమైనది బాటిల్‌బ్రష్ కథ. ఎర్రని కుంచెవంటి పూలతో మన ఉద్యానవనాలలోనూ కనబడే చెట్టే. 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రజ్ఞుడు ఆ చెట్టు క్రింద కలుపు అంతగా మొలవకపోవడం గమనించాడు. కారణం లెప్టోస్పెర్మోన్ అని తేలింది. దాని శక్తి స్వల్పం. ఎకరాకు కిలోల కొద్దీ కావలసివచ్చేది. ఆ పదార్థపు కుటుంబంనుండే మరింత శక్తిగల మీసోట్రయోన్‌ను రూపొందించి 2001లో విడుదల చేశారు. దీనివలన కలుపు ఆకు తెల్లగా పాలిపోయి చస్తుంది. మొక్కజొన్న మాత్రం దానిని త్వరగా విరిచివేసి బ్రతుకుతుంది.

ఆ కుటుంబంలోనిదే నిటిసినోన్. మొదట గడ్డిమందుగా పరిశీలించినదే! ఇది శరీరంలో టైరోసిన్ విచ్ఛిన్నమయ్యే మార్గాన్ని ఒకచోట ఆపుతుంది. పుట్టుకతోనే ఆ మార్గం చెడి, విషపదార్థాలు పేరుకొని కాలేయం పాడయ్యే పసిపిల్లలకు ఇది ఔషధమని స్వీడన్ వైద్యులు 1992లో ప్రకటించారు. అంతకుముందు కాలేయ మార్పిడియే ముఖ్యమైన దారి. యుక్తితో వాడిన విషమూ ఔషధమగునన్నాడు చరకుడు. నాభిని శుద్ధిచేసి వాడే వైద్యులకు ఇది వింతగా తోచదు.

అయితే మొక్కనుండి వచ్చింది గనుక నిరపాయకరమనే మాటను నేను అంగీకరించను. ఆముదపు గింజలోని రిసిన్ కూడా మొక్క విషమే. సహజ విషాలలో చాలావరకు ఎండకు, నేలలోని సూక్ష్మజీవులకు త్వరగా విరిగిపోతాయి. అది నేలకు మేలు. కలుపుపై ఎక్కువకాలం నిలువకపోవడం రైతుకు ఇబ్బంది.

పెరటిలో కొందరు వెనిగర్ చల్లుతారు. ఘాటైనదైతే లేత ఆకులు మాడుతాయి గాని తుంగ గడ్డలు చావవు. ఉప్పునీరు మాత్రం పోయవద్దు, నేల చెడిపోతుంది. తుంగను గడ్డలతో సహా త్రవ్వి తీయడమే మేలు. మందు కొట్టని పెరడైతే వాటిని కడిగి ఎండబెట్టుకొని తుంగముస్తలుగా దాచుకోవచ్చును. మందు చల్లిన గట్టుమీదివి ఎంత కడిగినా ఔషధానికి వాడవద్దు.