కిటికీలో కెమేరా - బస్సు వేగం

మా వీధి మలుపులో స్పీడు బ్రేకరు కావాలని అర్జీ పెట్టదలచి, బస్సులు ఎంత వేగంతో వస్తున్నవో లెక్కతో సహా వ్రాద్దామనుకున్నాము. ఫోనును రోజంతా కిటికీలో వదలడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి ట్రంకుపెట్టెలోని పాత క్యాసెట్టు కెమేరా తీసి, బొమ్మను చూసి వేగం చెప్పే ప్రోగ్రాము వ్రాశాడు. ఒకే బస్సుకు రెండుసార్లు రెండు లెక్కలు వచ్చినవి! ప్రోగ్రాములోనే తప్పున్నదని రెండు రాత్రులు కూర్చున్నాడు పాపం. తప్పు బొమ్మలో ఉన్నది.

మన దేశంలో అమ్మిన ఆ నాటి కెమేరాలు సాధారణంగా 625 గీతల పాల్ పద్ధతివి. సెకనుకు 25 బొమ్మలంటారు గాని, ఏ బొమ్మనూ ఒక్కసారిగా తీయవు. ముందు ఒకటి విడిచి ఒకటి గీతలు, సెకనులో 50వ వంతు గడిచాక మిగిలినవి. కంటికి రెండూ కలిసిపోతాయి. ఆ ఏర్పాటు కంటి కోసం చేసినదే. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆ కాస్త వ్యవధిలో 20 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే ఒక్క బొమ్మలో రెండు బస్సులన్నమాట. అంచులు దువ్వెన పళ్ళలా వస్తాయి. ఆఫీసులో కార్బను కాగితం జరిగితే అక్షరాలు జంటలుగా పడతాయి. గుమాస్తా ఊహించి చదువుకుంటాడు. యంత్రం ఆ పళ్ళనే అంచనుకొని కొలుస్తుంది.

రెండవ చిక్కు చక్రం దగ్గర బయటపడింది. అనలాగు గీత తెగని అల వంటిది. దానిని ఎన్ని చుక్కలుగా కోయాలో నిర్ణయించేది కెమేరా కాదు, కంప్యూటరు వైపున్న క్యాప్చరు కార్డు. మామూలుగా అడ్డం 720, నిలువు 576 చుక్కలు. అవి నలుచదరం కావు, వెడల్పు ఎక్కువ. మావాడు చదరమనుకొని, స్తంభం ఎత్తును కొలబద్దగా తీసుకున్నాడు. చక్రం నిలువు కోడిగ్రుడ్డయింది, అడ్డం దూరం నూటికి ఎనిమిది వంతులకు పైగా తగ్గింది. ఆ లెక్కే అర్జీలో వ్రాసి ఉంటే బస్సులు నెమ్మదిగానే పోతున్నవని మేమే సాక్ష్యమిచ్చినట్లయ్యేది!

ఇది పెద్దలకూ తప్పని తంటా. అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధకుడు రోజర్ త్సాయ్ 1987లో ప్రకటించిన కెమేరా కొలతల పద్ధతిలో, కెమేరాకూ కార్డుకూ కాలం పొసగకపోవడం వల్ల వచ్చే తేడా కోసమే ఒక గుణకం ప్రత్యేకంగా ఉన్నది.

రంగుల సంగతి చెప్పనే అక్కరలేదు. వెలుతురూ రంగూ ఒకే తీగలో కలిసి వస్తాయి గనుక సన్న చారల చొక్కా మీద లేని రంగులు పుడతాయి. టేపు సాగితే గీతలు వంకరపోతాయి. పెళ్ళి క్యాసెట్టు చూసుకునేవారికి ఇవేవీ పట్టవు.

చివరకు అబ్బాయి బేసి గీతలు మాత్రమే ఉంచి సరి గీతలు వదిలేశాడు. నిలువు వివరం సగం పోయింది గాని, మిగిలిన సగం ఒకే క్షణానిది. రెండు స్తంభాల నడుమ దూరాన్ని టేపు పట్టి మేమే కొలిచాము. పొరుగువారు స్థలం అమ్ముతున్నారా అని అడిగారు. ఇప్పుడు ఒక బస్సుకు ఒకే లెక్క వస్తున్నది. అర్జీ సోమవారం ఇస్తున్నాము.