పందుల మేతలో చెక్క ఏ పూట కలపాలి?



పెన్న గట్టున చెన్నూరులో గాని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో గాని పందులు సాకేవారిని "మేత ఏం పెడుతున్నారు?" అని అడగండి. "దాన్దేముంది సార్, ఏది పెట్టినా తింటుంది" అంటారు. తినే మాట నిజమే. తిన్నది ఒంటికి పడుతున్నదా అన్నదే ప్రశ్న. మనం డబ్బు పోసి కొనే మేతలో ముఖ్యమైనది శెనక్కాయ చెక్క. ఆ డబ్బు కండగా మారుతున్నదా, మూత్రంలో పోతున్నదా అన్నది ఇప్పుడు చూద్దాము.

చాలా దొడ్లలో జరిగేది ఇది. పొద్దున పనికి పోయే తొందరలో ఆనాటి చెక్కంతా ఒక్కసారే నానబెట్టి తొట్టిలో పోస్తారు. మాపటికి తవుడు, కుడితి, మిగిలిన సంగటి. రోజు మొత్తం మీద లెక్క వేస్తే చెక్క సరిపోయినట్లే కనబడుతుంది. కాని పంది ఒళ్లు రోజు లెక్క చూడదు, పూట లెక్క చూస్తుంది.

చెక్కలోని మాంసకృత్తులు కడుపులో అరిగి అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న భాగాలుగా విడిపోతాయి. వీటిలో సుమారు పదింటిని ఎదిగే పంది తనకు చాలినంత తయారు చేసుకోలేదు, మేతలోనే రావలెను. అవన్నీ ఇంచుమించు ఒకే వేళకు రక్తంలోకి చేరితేనే కండ పడుతుంది. మిగులు పిండిపదార్థాన్ని పంది కొవ్వుగా దాచుకొంటుంది గాని, మిగిలిన అమైనో ఆమ్లాలను దాచే గాదె దాని ఒంట్లో లేదు. మేస్త్రీకి బండలు పొద్దున ఇచ్చి మట్టి మాపటికి ఇస్తే గోడ లేవదు గదా! పైగా ఈ బండలు సాయంత్రం దాకా నిలిచేవి కావు. కాలేయంలో విరిగి, యూరియాగా మారి, మూత్రంలో పోతాయి. దొడ్లో కళ్లు మండించే ఘాటు వాసనలో మీరు కొన్న చెక్క కూడ కొంత ఉన్నదన్న మాట.

ఈ సంగతిని ఆస్ట్రేలియాలో బాటర్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు 1974లో ప్రకటించాడు. మేతలో తక్కువ పడిన లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని పొడిగా కలిపి, కొన్ని పందులకు రోజు మేత ఒక్కసారే పెట్టాడు. కొన్నింటికి అదే మేతను పలు దఫాలుగా పంచి పెట్టాడు. ఒక్కసారి తిన్నవాటికి ఆ లైసీన్ చాలా తక్కువగా ఒంటబట్టింది. పొడి లైసీన్ వెంటనే రక్తంలో కలుస్తుంది, చెక్కలోనిది నిదానంగా అరుగుతుంది. కాబట్టి చెక్కతో నష్టం అంతగా ఉండకపోవచ్చును. అయినా దారి అదే: ఏ పూట మేత ఆ పూటకు సంపూర్ణంగా ఉండాలి.

అసలు శెనక్కాయ చెక్కకే ఒక లోపం ఉన్నది. మాంసకృత్తులు నూటికి 40 పైన ఉన్నా, లైసీన్ తక్కువ. మొక్కజొన్నలోనూ అదే తక్కువ. రెండూ కలిపి ఎంత పెట్టినా ఆ కొరత తీరదు. ఎండుచేపల పొడి గాని, సోయా చెక్క గాని, ఉడికించిన ఉలవలు గాని కొంచెం కలిపితే తీరుతుంది. మన మెట్టచేలలో ఉలవ కొత్తది కాదు గదా.

ఎదిగే పందికి 100 కిలోల దాణాలో మొక్కజొన్న 50, తవుడు 28, చెక్క 20, ఖనిజ లవణాలు ఉప్పుతో కలిపి 2 కిలోలు వేస్తే మాంసకృత్తులు నూటికి సుమారు 16 వస్తాయి. ఆ చెక్కలో 5 కిలోలు తగ్గించి చేపల పొడి వేస్తే ఇంకా మేలు. 30 కిలోల పంది రోజుకు కిలోన్నర దాకా తింటుంది. అందులో చెక్క 300 గ్రాములు. పొద్దున సగం, మాపటికి సగం. అంతే, ఖర్చు పైసా పెరగదు. పాలు మరిచిన పిల్లలకు నూటికి 20 దాకా కావాలి, కడుపు చిన్నది, మూడు నాలుగు సార్లు పెట్టాలి. 50 కిలోలు దాటినవాటికి 14 చాలు. అంతకు మించి చెక్క పోయడం దండగ.

చెక్క కొనేటప్పుడు వాసన చూడండి. చెమ్మ తగిలి బూజు పట్టినది చవకగా వచ్చినా వద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది బూజు పట్టిన శెనక్కాయ చెక్కతోనే. ఆ విషం పంది కాలేయాన్నీ చెడగొడుతుంది. హోటళ్ల ఎంగిలి తెచ్చేవారు బాగా మరగబెట్టి, చల్లార్చి పోయాలి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ పందుల జ్వరం ఎంగిలి మాంసంతో కూడ పాకుతుంది, మందు లేదు. అనుమానం వస్తే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో గాని, మీ ఊరి పశువుల ఆసుపత్రిలో గాని చెప్పండి.

పూట మార్చినందుకు ఫలితం ఉన్నదా అని కాటా లేకపోయినా తెలుసుకోవచ్చును. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్యనుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 69తో హెచ్చవేస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. పదిహేను రోజులకొకసారి, పొద్దున మేతకు ముందు కొలిచి, దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి.