దీపావళి - మూగజీవాలు

దీపావళి వెలుగుల పండుగ. ఆ రాత్రి పిల్లలు మతాబులు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు కాలుస్తూ ఎంతో సంబరపడతారు. కాని అదే రాత్రి కొట్టంలోని ఆవు పలుపుతాడు తెంచుకోవాలని పెనుగులాడుతుంది. కుక్క మంచం కిందకు దూరి వణుకుతుంది. పిల్లి ఏ మూలనో నక్కి, అన్నం పెట్టినా బయటికి రాదు. ఎందుకని?

మొదటి కారణం వాటి వినికిడి శక్తి. మనిషి సెకనుకు 20 నుంచి 20,000 వరకు కంపనాలు గల ధ్వనులను వినగలడు. కుక్క సుమారు 45,000 వరకు, పిల్లి 60,000కు పైగా కంపనాలు గల ధ్వనులను వినగలవు. మన చెవికి అందని సన్నని ధ్వనులు కూడా వాటికి వినిపిస్తాయి.

రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. వత్తికి నిప్పు అంటించగానే చప్పుడు వస్తుందని మనకు తెలుసు. వెంటనే చెవులు మూసుకుంటాం. మూగజీవాలకు ఆ సంగతి తెలియదు. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో వాటికి అర్థం కాదు. ఏదో ఆపద ముంచుకొస్తున్నదని భయపడతాయి. భయపడిన కుక్క తోక ముడుస్తుంది, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. ఒక్కొక్కసారి గోడ దూకి పారిపోతుంది. అలా పారిపోయిన కుక్క దారి తప్పవచ్చు. బండి కింద పడవచ్చు.

కొద్దిపాటి శ్రద్ధతో ఈ ఆపదను తప్పించవచ్చు. పండుగనాడు కుక్కను పగటిపూటే బయట తిప్పి, చీకటి పడకముందే తిండి పెట్టాలి. సాయంత్రం దానిని లోపలి గదిలో ఉంచి తలుపులు, కిటికీలు మూయాలి. తాగడానికి నీళ్లు పెట్టాలి. రేడియో పెడితే బయటి చప్పుడు కొంత మరుగున పడుతుంది. అది మంచం కింద దాక్కుంటే బయటికి లాగకూడదు, కసరకూడదు. పక్కన కూర్చుని నెమ్మదిగా పలకరించవచ్చు. మెడపట్టీపై ఇంటివారి ఫోన్ నంబరు రాస్తే, తప్పిపోయినా తిరిగి చేరే అవకాశం ఉంటుంది. మనుషులు వేసుకునే మాత్రలు వాటికి వేయరాదు. భయం మరీ ఎక్కువైతే పశువైద్యుణ్ణి అడగాలి.

పశువుల కొట్టం దగ్గర, గడ్డివాముల దగ్గర టపాకాయలు కాల్చరాదు. వెలిగించిన ప్రమిదలను పిల్లికి అందని చోట పెట్టాలి. మరునాడు ఉదయమే కాలిన కాగితాలు, పేలని టపాకాయలు ఊడ్చివేయాలి. లేకపోతే వీధిలోని పశువులు వాటిని నోట పెట్టుకుంటాయి. కొందరు ఆకతాయిలు కుక్క తోకకు టపాకాయలు కడతారు. ఇది ఆట కాదు. జంతువులను హింసించడాన్ని నిషేధించే 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

మన పండుగలోనే మూగజీవాలకు గౌరవస్థానం ఉంది. మహారాష్ట్రలో దీపావళి వేడుకలు వసుబారస్ నాడు ఆవును, దూడను పూజించడంతో మొదలవుతాయి. కర్ణాటకలో బలిపాడ్యమినాడు గోపూజ చేస్తారు. తమిళనాడులోని శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది. దాని దగ్గరి కొల్లుకుడిపట్టి గ్రామస్థులు, వలస వచ్చిన పక్షులు బెదరకుండా ఎన్నో ఏళ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చడం మానుకున్నారు. అయినా వారి పండుగకు లోటు రాలేదు.

మూగజీవాలు తమ భయాన్ని నోటితో చెప్పుకోలేవు. మనమే గ్రహించాలి. ఇంటి ముందు దీపం వెలిగించే ముందు, ఇంట్లోని మూగజీవం ఎక్కడ ఉందో ఒక్కసారి చూసి రావడం మన బాధ్యత.