క్లచ్ మార్చాలంటే... బండి రెండు ముక్కలే!

కాలువకు నీళ్లొచ్చాయి. నారుమళ్లు పచ్చబడ్డాయి. బందరు, గుడివాడ, చల్లపల్లి రోడ్లు కలిసే పామర్రు చుట్టుపక్కల ఎటు చూసినా దమ్ము హడావుడే. సరిగ్గా అప్పుడే పాత ట్రాక్టర్ మొరాయిస్తుంది. ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం కదలదు. ఏదో కాలిన వాసన. క్లచ్ పోయింది! బాడుగ పోవడం ఒక ఎత్తు, మడిలో నారు ముదిరిపోవడం మరో ఎత్తు.

ఒక్క ప్లేటు మార్చడానికి అన్ని రోజులా అని విసుక్కుంటారు ఇంట్లోవాళ్లు. కారణముంది. చాలా ట్రాక్టర్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజిను, గేర్ బాక్సు, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. అదే దాని వెన్నెముక. 1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌తో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. బండి చవగ్గా తయారైంది గానీ, క్లచ్ దగ్గరికి చేరాలంటే నడుము దగ్గర రెండు చేయాల్సిందే.

డీజిలు పైపులు, వైర్లు, స్టీరింగ్ లింకులు విప్పడం పెద్ద పని కాదు. ప్రమాదమంతా ఆ తర్వాతే. ముందు ఇరుసు నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంటుంది. ఇంజిన్ పక్కకి ఒరిగిపోకుండా దానికి రెండువైపులా చెక్క దిమ్మలు బిగించాలి. ఈ సంగతి మరిస్తే ప్రాణాలమీదకే వస్తుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా రెండు భాగాల కిందా గట్టి స్టాండ్లు పెట్టాలి. మన బంకమట్టిలో స్టాండు దిగబడిపోతుంది కాబట్టి పొలం గట్టున ఈ పని పెట్టుకోవద్దు. బోల్టులు తీసి ఒక భాగాన్ని మెల్లగా దొర్లిస్తే అప్పుడు కనబడుతుంది అరిగిన ప్లేటు. లోపలి పొడిని మాత్రం గాలి కొట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

ఇంత కష్టపడి విప్పాక ప్లేటొక్కటే మార్చి మూసేయడం పొదుపు కాదు, పిసినారితనం! రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు చిన్నవే. అవి రేపు పోతే మళ్లీ బండిని విడదీయాలి. వెనక ఆయిల్ సీలు కారుతుంటే కొత్త ప్లేటూ తడిసి జారుతుంది. ఫ్లైవీల్ మీద గాళ్లు పడ్డాయేమో చూడాలి. డబుల్ క్లచ్ బండైతే పీటీఓ ప్లేటు సంగతీ అప్పుడే తేల్చుకోవాలి.

ఇంతకీ క్లచ్ ఎందుకు పోతుంది? సగం పాపం పాదానిదే. దమ్ములో మలుపు మలుపుకీ పెడల్ తొక్కాలి. తొక్కి వదిలేస్తే ఫర్వాలేదు. కొందరు కాలు అక్కడే ఆనించి ఉంచుతారు. ప్లేటు పూర్తిగా పట్టదు, జారుతూ వేడెక్కి అరుగుతుంది. పెడల్‌కి కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ లేకపోయినా అంతే.

ఎండాకాలంలోనే ఓ చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఎదుట ఎవరూ లేని చదును నేల మీద బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతే మంచిదే. ఆగకుండా తిరుగుతూనే ఉందా... కాలువకు నీళ్లు రాకముందే బండిని షెడ్డుకు తోలండి.