బంగాళాఖాతములో ఎమ్డెన్

చార్మినారు నీడలో చదువుకొను బాలురకు సముద్రమనగా పటములోని నీలిరంగు. మన పాతబస్తీనుండి తూర్పు తీరము చేరవలెనన్న ఒక పూట ప్రయాణము తప్పదు. అయినను 1914లో ఒక యుద్ధనౌక రేపిన కలవరము తీరమునకే పరిమితము కాలేదు. ఆ నౌక పేరు ఎమ్డెన్.

జర్మనీవారు దీనిని డాంజిగ్ రేవులో నిర్మించి 1908లో నీటిలోనికి దింపినారు. ఇది తేలికపాటి క్రూజరు. పది ఫిరంగులు, మూడు పొగగొట్టములు, గంటకు సుమారు 44 కిలోమీటర్ల వేగము దీని బలము. చైనా తీరమున జర్మనుల అధీనములోనున్న సింగ్‌టావ్ రేవు దీని నెలవు. తెల్లని రంగు, సొగసైన రూపము చూచి జనులు దీనిని ‘తూర్పు హంస’ అని పిలిచిరి.

1914 ఆగస్టులో మహాయుద్ధము ప్రారంభము కాగానే, కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యూలర్ తన నౌకను ఒంటరిగా హిందూమహాసముద్రములోనికి నడిపించినాడు. దూరమునుండి చూచువారు బ్రిటిషు నౌకయని భ్రమపడునట్లు నాలుగవ పొగగొట్టమును కృత్రిమముగా అమర్చినాడు. బొగ్గు లేనిదే ఓడ కదలదు. అతనికి సమీపమున స్వదేశపు రేవు ఒక్కటియు లేదు. అందుచే పట్టిన ఓడలనుండియే బొగ్గును, ఆహారమును తీసికొనుచు మూడు నెలలు సముద్రము నేలినాడు. ఓడలను ముంచుటకు ముందు వాటి నావికులను క్షేమముగా దింపుట అతని నియమము.

సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ మద్రాసు ముందు నిలిచినది. నగరమంతయు దీపకాంతితో వెలుగుచుండెను. కొద్ది నిమిషములలో సుమారు 130 గుండ్లు పడినవి. రేవు చెంతనున్న బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లు రెండు భగ్గున మండినవి. కనీసము ఐదుగురు మరణించిరి. తీరములోని ఫిరంగులు బదులు పలుకునప్పటికి నౌక చీకటిలో కలిసిపోయినది.

మరునాటినుండి వేలాది జనులు మూటలు కట్టుకొని ఊరు విడిచిరి. ఆంధ్రపత్రిక దినపత్రికగా ఆ నగరములో వెలువడనారంభించి అప్పటికి ఆరు నెలలైనను నిండలేదు. మద్రాసు అప్పుడు తెలుగు జిల్లాలకు కూడ రాజధానియే. సముద్రములన్నియు తనవేయని చెప్పుకొను సామ్రాజ్యము తన రేవునే కాచుకొనలేకపోయినదన్న మాట జనుల మనసులలో నాటుకొన్నది. తమిళులు నేటికిని గడుసువానిని, సాహసిని ‘ఎమ్డన్’ అనుట కలదు. హైకోర్టు ఆవరణలోని శిలాఫలకము ఆ రాత్రికి సాక్షి.

ఆ సంవత్సరమే మన హైదరాబాదు సంస్థానపు అశ్వదళము సముద్రము దాటి ఈజిప్టుకు వెళ్ళినది. ఆ దినములలో సైనికులను మోయు ఓడలకు యుద్ధనౌకల కాపు తప్పనిసరి అయ్యెను. ఒక్క నౌక భయము ఎంత దూరము వ్యాపించునో దీనివలన గ్రహింపవచ్చును.

అక్టోబరులో డియెగో గార్సియా ద్వీపమునకు పోగా, అచ్చటివారికి యుద్ధవార్తయే తెలియదు! జర్మను నావికులు వారి మోటారు పడవను బాగుచేసి ఇచ్చిరి. ఆ నెలాఖరునకే పెనాంగు రేవులో ఒక రష్యా క్రూజరును ముంచిరి.

నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతివార్తల కేంద్రమును ధ్వంసము చేయబోయినప్పుడు, ఉద్యోగులు ముందుగనే వింతనౌక వచ్చినదని వార్త పంపిరి. సమీపముననున్న ఆస్ట్రేలియా క్రూజరు సిడ్నీ పరుగున వచ్చినది. దాని ఫిరంగులు పెద్దవి, దూరము కొట్టగలవి. ఎమ్డెన్ శిథిలమై దిబ్బపైకి ఎక్కినది. ఆ నౌకలో 130కి పైగా మరణించిరి, సిడ్నీలో నలుగురు.

ఇరువదియేడు సంవత్సరముల పిమ్మట, 1941లో, ఆస్ట్రేలియా నావికులు నడిపిన ఒక డిస్ట్రాయరు నౌకకు ‘నిజాం’ అని పేరు. దాని వ్యయమును భరించినవాడు పాతబస్తీలోని పురానీ హవేలీలో జన్మించిన మీర్ ఉస్మాన్ అలీఖాన్.

విద్యార్థులు అడుగుదురు: మ్యూలర్ వీరుడా, శత్రువా? పట్టిన ఓడల నావికులను కాచినవాడును అతడే. నిద్రించు నగరముపై గుండ్లు కురిపించినవాడును అతడే. ఉపాధ్యాయుడు ఈ రెండింటిలో ఏ ఒక్కదానిని దాచినను చరిత్ర చెప్పినవాడు కాడు.