పాత బాణీ ఎవరి సొత్తు? రీమిక్స్ పాటల గురించి కొన్ని ఆలోచనలు

మా పాఠశాల వార్షికోత్సవానికి వారం ముందు జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసం మొదలుపెట్టక తప్పదు. సాంస్కృతిక కార్యక్రమాల జాబితా తయారు చేసే పని తెలుగు మాస్టారిగా నా మీద పడింది. తొమ్మిదో తరగతి అమ్మాయిలు నలుగురు ఒక పాట తెచ్చారు. బాణీ ఒక పాత సినిమా హిట్టుది. దాని మధ్యలో తాళానికి సరిపోయేలా మాటలు గబగబా దొర్లించే ర్యాప్ చరణాలు రెండు. పల్లవి వినీ వినకముందే "సినిమా బాణీలు వద్దు, జానపదం ఏదైనా తెండి" అని జాబితాలోంచి కొట్టేశాను. వాళ్లలో ఒక పిల్ల, మిరపకోతలకు వెళ్లే కూలి తల్లి కూతురు, గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "మాస్టారూ, నాజర్ గారు కూడా పాత బాణీలోనే కొత్త కథ చెప్పారని మీరే పాఠంలో చెప్పారు కదండీ. ఆయన చేస్తే కళ, మేం చేస్తే కాపీనా?"

నా దగ్గర సమాధానం లేదు. "వెళ్లి చదువుకోండి" అన్నాను. ఉపాధ్యాయులు సమాధానం లేనప్పుడు అనే మాట అదే. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అది ఆ పిల్ల ఒక్కదాని ప్రశ్న కాదు. సాహిత్య విమర్శలో మనం ఎన్నేళ్లుగానో చర్చిస్తున్న వస్తు రూపాల ప్రశ్నే. కాకపోతే ఈసారి అది లౌడ్‌స్పీకర్‌లోంచి వినబడుతోంది.

రీమిక్స్ అంటే ఏమిటో ముందు స్పష్టం చేసుకుందాం. ఒకసారి రికార్డయిన పాటలోని గొంతును, వాద్యాలను, తాళాన్ని విడదీసి, కొన్ని ఉంచి, కొన్ని తీసేసి, కొత్తవి చేర్చి మళ్లీ కూర్చడం రీమిక్స్. మన సినిమా వాళ్లు ఈ మాటను ఇంకొంచెం విశాలంగా వాడుతున్నారు. పాత పాటను కొత్త గొంతులతో, కొత్త వాద్యాలతో తిరిగి పాడించినా అది రీమిక్సే. మధ్యలో ఇంగ్లీషు మాటల ర్యాప్ చేరిస్తే ఇంకా రీమిక్స్.

2002లో అమెరికాలో పి. డిడ్డీ అనే ప్రసిద్ధ ర్యాప్ గాయకుడు, తన బ్యాడ్ బాయ్ కంపెనీ హిట్లనే తిరిగి కలిపి ఒక ఆల్బం విడుదల చేశాడు. పేరు 'వియ్ ఇన్వెంటెడ్ ది రీమిక్స్'. అంటే, రీమిక్స్‌ను కనిపెట్టింది మేమే అని. ఆ ఆల్బం అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. వ్యాపార ప్రకటనగా ఆ పేరు బాగానే పనిచేసి ఉంటుంది. చరిత్రగా మాత్రం చెల్లదు. 1960ల చివర, 1970ల మొదట్లో జమైకా ద్వీపంలో కింగ్ టబ్బీ వంటి శబ్ద సాంకేతికులు పాటలోంచి గొంతును తీసేసి, డ్రమ్ము, బేస్ మాత్రం మిగిల్చి కొత్త పాట చేశారు. ఖాళీ అయిన ఆ చోట మైకు పట్టుకున్న మనిషి తన మాట చెప్పుకున్నాడు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని కూల్ హెర్క్ అనే యువకుడు 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక విందులో రికార్డులు వాయించాడు. ర్యాప్ పుట్టిన హిప్‌హాప్ సంస్కృతికి ఆ రాత్రినే మొదలుగా చెబుతారు. అది పేదలు, నల్లజాతివాళ్లు ఉండే పేట. వాద్యాలు కొనుక్కోలేని పిల్లలు ఉన్న రికార్డులనే వాద్యాలుగా చేసుకున్నారు. లేమిలోంచి పుట్టిన ఈ పద్ధతిని మూడు దశాబ్దాల తర్వాత ఒక కంపెనీ తన కనుగోలుగా ప్రకటించుకుంది. ప్రజలు సృష్టించినదాని మీద పెట్టుబడి తన ముద్ర వేసుకోవడం ఇలాగే ఉంటుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఆ పిల్ల పేరెత్తిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల కులస్థుడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఈ పత్తి నేలలో పింజారి చేసే పని ఏమిటో పాతతరం వాళ్లకు తెలుసు. పాత పరుపులో గడ్డకట్టిన దూదిని బయటికి తీసి, ఏకి, దుమ్ము దులిపి, మళ్లీ మెత్తన చేసి పరుపు కుట్టేవాడు. దూది పాతదే. మనిషికి నిద్రపట్టేది మాత్రం కొత్తగా ఏకిన తర్వాతే.

జంగాలు చెప్పుకునే తంబుర కథను నాజర్ సరిగ్గా ఇలాగే ఏకాడు. ప్రజానాట్యమండలి కళాకారుడిగా ఆ పాత రూపంలో బెంగాల్ కరువును, అల్లూరి సీతారామరాజును చెప్పాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం వంటి పాత కథలను కొత్త దృష్టితో చెప్పాడు. బుర్రకథ నిర్మాణం గమనించండి. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం. ఎన్నో వందల ఏళ్ల నాటి కథ నడుస్తుండగా రాజకీయం చెప్పే వంత అడ్డొచ్చి ఆ ఊరి రేషను సంగతో, ఆనాటి పన్నుల సంగతో ఎత్తుతాడు. పాత కథలోకి ఇవాళ్టి మాటను చొప్పించే స్థానం ఆ రూపంలోనే ఉంది. నాజర్ చేసిన గొప్ప పని ఆ స్థానాన్ని గుర్తించి దాన్ని విశాలం చేయడం. ప్రభుత్వం 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. జనం అంతకు చాలా ముందే ఇచ్చేశారు.

అచ్చు సాహిత్యంలో ఇంకో ఉదాహరణ ఉంది. వినుకొండ కవి గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' వెలువరించాడు. దాని రూపం కాళిదాసు మేఘసందేశానిది. అక్కడ విరహి యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. ఇక్కడ గుడిలో అడుగుపెట్టనివ్వని అరుంధతీసుతుడు తన ఆకలిని, అవమానాన్ని గబ్బిలంతో శివుడికి నివేదించుకుంటాడు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. సందేశకావ్యం అనే పాత రూపం చేతిలో లేకపోతే ఈ వ్యంగ్యం ఇంత పదునుగా తగిలేది కాదు. పాఠకుడికి మేఘం గుర్తుండబట్టే గబ్బిలం దెబ్బకొడుతుంది. పాత రూపాన్ని తిరిగి వాడుకోవడంలో ఉన్న శక్తి ఇదే. శ్రోత జ్ఞాపకంతో రచయిత మాట్లాడగలుగుతాడు. కాబట్టి "రీమిక్స్ అంటేనే సృజన దారిద్ర్యం" అనే మన మిత్రుల వాదనతో నేను ఏకీభవించలేను. ఆ వాదన నిజమైతే ముందు జాషువనూ నాజర్‌నూ కొట్టేయాలి.

అయితే ఇక్కడే రెండో పొరపాటు పొంచి ఉంది. "అందరూ చేసిందే కదా, జనం మెచ్చుతున్నారు కదా, ఇక విమర్శ ఎందుకు?" అనే పొరపాటు అది. మన సినిమా రీమిక్స్‌లను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. 'యమగోల' (1977)లోని "ఓలమ్మీ తిక్కరేగిందా" పాట 'యమదొంగ' (2007)లో తిరిగి వచ్చింది. 'ఘరానా మొగుడు' (1992)లోని "బంగారు కోడిపెట్ట" 'మగధీర' (2009)లోకి వచ్చింది. 'గ్యాంగ్ లీడర్' (1991) పాట 'రచ్చ' (2012)లోకి, 'కొండవీటి దొంగ' (1990) పాట 'నాయక్' (2013)లోకి, 'ఖైదీ నెం. 786' (1988) పాట 'సుబ్రమణ్యం ఫర్ సేల్' (2015)లోకి, 'యముడికి మొగుడు' (1988) పాట 'సుప్రీమ్' (2016)లోకి వచ్చాయి. మొదటిదాంట్లో తాత పాటకు మనవడు, తర్వాతి మూడింట్లో తండ్రి పాటలకు కొడుకు, చివరి రెండింట్లో మేనమామ పాటలకు మేనల్లుడు ఆడారు. 'దేవత' (1982) పాటను 'గద్దలకొండ గణేష్' (2019)లో వాడుకోవడం వంటి మినహాయింపులు లేకపోలేదు. కానీ ప్రధాన ధోరణి స్పష్టం. పొలం, ఇల్లు, స్టూడియో తరం నుంచి తరానికి దాఖలు పడ్డట్టే పాట కూడా పడుతోంది. ఇక్కడ రీమిక్స్ చేస్తున్న పని సంగీతపరమైనది కాదు, వారసత్వ రిజిస్ట్రేషన్. ప్రేక్షకుడి జ్ఞాపకంతో ఇదీ మాట్లాడుతుంది, నిజమే. కానీ ఆ జ్ఞాపకాన్ని ప్రశ్నించదు. మీరు ఆయనకు కొట్టిన చప్పట్లు ఇక ఈయనకు కొట్టండి అంటుంది. జాషువ గబ్బిలం మేఘాన్ని ప్రశ్నించింది. ఈ కొత్త కోడిపెట్ట పాత కోడిపెట్టకు దండం పెడుతుంది. తేడా అక్కడుంది.

ఇందులో ఇంకో కోణం ఉంది. అదే 'మగధీర'లోని మరో పాటలో వంగపండు ప్రసాదరావు 'ఏం పిల్లడో' పాటలోని పల్లవి మాటలు వినిపించాయి. తన అనుమతి లేకుండా వాడుకున్నారని వంగపండు అప్పట్లో అభ్యంతరం చెప్పారు. పోరాటానికి రమ్మని పిలిచిన పాట అది. సినిమాలో అది ఆటపాటల సరదా అయింది. ఒక సినిమా పాటను వాడుకోవాలంటే హక్కులున్న కంపెనీని అడగాలని నిర్మాతకు తెలుసు. జనం పాటను వాడుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదనే అలవాటు మాత్రం పాతుకుపోయింది. 2012 కాపీరైటు సవరణ చట్టం తర్వాత సినిమా పాట రాసినవాడికీ, బాణీ కట్టినవాడికీ రాయల్టీ హక్కు ఉంది. దాన్ని ఎవరూ ముందే సంతకం పెట్టించుకుని లాగేసుకోవడానికి వీల్లేదు. ఇది రచయితలు పోరాడి సాధించుకున్న మంచి మార్పే. కానీ నారుమళ్లలో, పత్తి చేలల్లో పేరు లేకుండా పాట కట్టిన ఆడవాళ్ల సంగతి? వాళ్ల బాణీకి చట్టం దృష్టిలో యజమాని లేదు. యజమాని లేని నేలను ఎవరు ముందు కంచె వేస్తే వాళ్లదన్నట్టు ఉంది పరిస్థితి.

నిజాయితీగా మాట్లాడుకోవాలంటే మన ఉద్యమం కూడా జనం బాణీలు తీసుకుంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచి మన గేయకర్తలు కోలాటం, సువ్వి, ఊడుపుల బాణీల్లో ఎన్నో పాటలు కట్టారు. ఆ బాణీ ఏ ఊరి ఏ అమ్మ గొంతులో విన్నారో ఎంతమంది రాసిపెట్టారు? ఈ లోపాన్ని ఒప్పుకోవాలి. అయినా ఒక ముఖ్యమైన భేదం ఉంది. వాళ్లు తీసుకున్న పాటను తిరిగి ఆ పొలాలకే పట్టుకెళ్లారు. కూలి రేటు అడిగే పాటగా, దున్నేవాడికే భూమి అనే పాటగా తిరిగి ఇచ్చారు. టిక్కెట్టు పెట్టి అమ్మలేదు.

ఇప్పుడు మా ఊరి మిరపచేలో పరిస్థితి చెబుతాను. మాఘ ఫాల్గుణాల్లో కోతలు ముమ్మరంగా ఉంటాయి. ఆడవాళ్లు చీర మీద చొక్కా తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, వరసల్లో వంగి కాయలు కోస్తారు. కర్నూలు వైపు నుంచి, పడమటి ప్రకాశం నుంచి కుటుంబాలతో సహా వలస వస్తారు. ఒకప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాట ఉండేది. ఇప్పుడు గట్టు మీది చెట్టుకు ఒక స్పీకరు వేలాడుతుంది. పాట ఫోను పాడుతుంది, వీళ్లు వింటారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల ముందు మోగేవీ ఆ హిట్లే. పాడే జనం వినే జనంగా మారడమే నా దృష్టిలో అసలు నష్టం. రీమిక్స్ మంచిదా చెడ్డదా అనే చర్చకు ఈ నష్టమే కొలబద్ద కావాలి.

కాబట్టి ఏ రీమిక్స్ ఎదురైనా విమర్శకుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. తీసుకున్నది ఎవరి దగ్గర? వాళ్ల పేరు చెప్పారా, వాళ్ల వాటా ఇచ్చారా? పాతదాంట్లోంచి ఏం తీసేశారు, ఆ ఖాళీలో ఎవరి మాట పెట్టారు? చివరికి ఆ పాట విన్నవాళ్ల నోరు తెరిపించిందా, మూయించిందా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఒకే బాణీ ఒకచోట సరుకు అవుతుంది, ఇంకోచోట ఆయుధం అవుతుంది. బాణీకి తనంతట తానుగా వర్గం లేదు. అది ఎవరి నోట పలుకుతుందో, ఎవరికి వినిపిస్తుందో దాన్ని బట్టే దానికి వర్గం ఏర్పడుతుంది.

ఈ కొలతలన్నీ మనసులో కూడిన తర్వాత నేను ఆ అమ్మాయిలను మళ్లీ పిలిచాను. "ఆ పాట పూర్తిగా వినిపించండమ్మా" అన్నాను. మొదట వాళ్లు నమ్మలేదు. తర్వాత పాడారు. పల్లవి బాణీ సినిమాదే. అందులో హీరోయిన్ నడుము ఉన్న చోట వాళ్లు తూకం కాటాను పెట్టారు. కిలోల లెక్కన కూలి ఇచ్చేటప్పుడు ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పారు. ర్యాప్ చరణంలో రాత్రి చేతుల మంటకు నిద్రపట్టని తల్లి, ఆ చేతులతో తనకు అన్నం కలపనని చెప్పే మాట ఉంది. గబగబా దొర్లే ఆ మాటల్లో ఊపిరి తీసుకునే సందు లేదు. కోతల్లో వాళ్ల అమ్మకూ అంతేనట. ఆ వేగం ఫ్యాషన్ కోసం పెట్టింది కాదని అప్పుడు నాకు అర్థమైంది. రూపం వస్తువులోంచే వచ్చింది.

ఎం.ఏ.లో నేను చదువుకున్న వస్తురూప సమన్వయం ఇంతకంటే బాగా నాకు ఎవరూ చెప్పలేదు. నేను వినకుండానే కొట్టేసిన పాట అది.

వార్షికోత్సవంలో ఆ పాట పాడారు. వెనక నిలబడి చూస్తున్న తల్లుల్లో కొందరు రెండోసారి పల్లవి వచ్చేసరికి గొంతు కలిపారు. బాణీ వాళ్లకు ముందే తెలుసు, మాటలు మాత్రం ఆ రోజే తమవయ్యాయి. పిల్లలు చేసిన పాటలో పండితులకు వంక పెట్టడానికి చాలా ఉంది. యతి ఎక్కడ తప్పిందో, ఏ మాట పొసగలేదో నేనూ చెప్పగలను, చెప్పాను కూడా. కానీ ఆ పిల్ల గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర సమాధానం ఉంది. నాజర్ చేసిందీ, మీరు చేసిందీ ఒకే పని. ఆయన నలభై యాభై ఏళ్లు చేశాడు, మీరు ఇప్పుడే మొదలుపెట్టారు.

మన రచయితలకు నా విన్నపం ఒకటే. ఇవాళ యువత చేతిలో ఫోనే తంబుర, ఫోనే గుమ్మెట. అందులోంచి వచ్చే ప్రతి పాటనూ మెచ్చుకోమని నేను అనడం లేదు. కొట్టేసే ముందు చివరిదాకా విందాం. మనం వినకపోతే ఆ పిల్లల్ని వినడానికి కంపెనీలు సిద్ధంగా ఉన్నాయి. వాళ్లకు కావలసింది తూకం కాటా కాదు, నడుమే.